కౌంట్ 14 వేలు ఉంటే అపెండిక్స్ పగిలినట్టేనా?

మన ఇళ్లలో డాక్టర్ చదివిన చుట్టం ఒకరుంటే చాలు, ఎంత అర్ధరాత్రయినా ల్యాబ్ రిపోర్ట్ ఫొటో వాళ్ల వాట్సాప్‌కి వెళ్లిపోతుంది. కింద ఓ మెసేజ్: "అన్నయ్యా, చిన్నోడికి కడుపులో కుడిపక్క నొప్పి. అపెండిక్స్ అంటున్నారు. కౌంట్ 14 వేలట. బాగా ముదిరిందంటావా? పొద్దున దాకా ఆగొచ్చా?"

అన్నయ్య జవాబివ్వడు. ఎదురు అడుగుతాడు: "నొప్పి ఎన్నింటికి మొదలైంది? రక్తం ఎన్నింటికి తీశారు?" ఆదుర్దాలో ఉన్నవాళ్లకు ఇది తప్పించుకునే మాటలా వినిపిస్తుంది. నిజానికి ఆ రెండు టైములు తెలియకుండా 14 వేలు అన్న తెల్ల రక్తకణాల అంకెతో ఎంత పెద్ద డాక్టరైనా చెప్పగలిగింది చాలా తక్కువ.

పాత తరం వాళ్లు ఈ జబ్బును '24 గంటల కడుపునొప్పి' అనేవారు. ఇప్పటికీ ఆ పేరు అక్కడక్కడా వినపడుతుంది. రోజు తిరిగేలోగా కోయకపోతే పేగు పగిలి మనిషి పోతాడన్న భయం ఆ పేరులో ఉంది. ఆ భయం సగం నిజం, సగం పాతబడిన లెక్క. అయితే ఆ పేరు పెట్టినవాళ్లు ఒక సంగతి మాత్రం సరిగ్గా పట్టుకున్నారు. ఈ జబ్బును గంటల్లో లెక్కపెట్టాలి. రక్తపరీక్షల్ని కూడా.

ముందు జబ్బు సంగతి

పెద్దపేగు మొదలయ్యే చోట వేలాడే, 6 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుండే సన్నటి గొట్టం అపెండిక్స్. పాఠ్యపుస్తకాల్లో ఉండూకం అని రాస్తారు. ఒకవైపే తెరిచి ఉంటుంది. ఆ మూతి దగ్గర మలం గట్టిపడి రాయిలా ఇరుక్కున్నా, గోడలోని లింఫ్ కణజాలం వాచినా లోపలి ద్రవం బయటికి రాదు. గొట్టం ఉబ్బుతుంది, లోపల బ్యాక్టీరియా పెరుగుతుంది. ఒత్తిడి ఎక్కువైతే గోడకు రక్తం అందడం ఆగిపోతుంది. అప్పుడు గోడ కుళ్లుతుంది, చివరికి చిల్లు పడుతుంది. మొదట బొడ్డు చుట్టూ తిప్పినట్టుండే నొప్పి కొన్ని గంటల తర్వాత కుడివైపు పొత్తికడుపులోకి దిగి ఒకచోట నిలబడేది, వాపు కడుపు లోపలి పొరను తాకాకే.

సర్జన్లు ఈ జబ్బును రెండుగా చూస్తారు. వాపు అపెండిక్స్‌కే పరిమితమైతే మామూలు రకం. గోడ కుళ్లినా, చిల్లు పడినా, చుట్టూ చీముగడ్డ కట్టినా ముదిరిన రకం. ఒకప్పుడు ఈ తేడాను ఆపరేషన్‌కి ముందే తేల్చుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. 1886లో బోస్టన్ డాక్టర్ రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరు పెట్టి, త్వరగా ఆపరేషన్ చేయాలని వాదించిన దగ్గర్నుంచి వందేళ్లకు పైగా పద్ధతి ఒక్కటే: అనుమానం వస్తే కోసి చూడు. ఏ రకమో కడుపు తెరిచాక కళ్లకే కనపడుతుంది.

ఆ నిశ్చింత ఇప్పుడు లేదు. ఫిన్లండ్‌లో 530 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2015లో వచ్చాయి. సీటీ స్కాన్‌లో మామూలు రకమని తేలినవాళ్లకు యాంటీబయాటిక్స్ మాత్రమే ఇస్తే, ఏడాదిలోపు ఆపరేషన్ అవసరమైంది 27 శాతం మందికి. మిగతావాళ్లు ఆ ఏడాది కత్తి లేకుండానే గట్టెక్కారు. 2020లో అమెరికాలో 1552 మందితో వచ్చిన ట్రయల్‌లో యాంటీబయాటిక్స్ తీసుకున్నవాళ్లలో 90 రోజుల్లో ఆపరేషన్ దాకా వెళ్లింది 29 శాతం. అపెండిక్స్‌లో రాయి ఉన్నవాళ్లలో మాత్రం అది 41 శాతం. అంటే మందులతో సరిపెట్టే దారి ఒకటి తెరుచుకుంది, కానీ అది అందరికీ పనికొచ్చే దారి కాదు. ఎవరిని ఆ దారిలో పంపాలో తేల్చాలంటే కడుపు తెరవకుండానే రకం తెలియాలి. "అపెండిసైటిస్ అవునా, కాదా" అన్న ప్రశ్న పక్కన "ఎంత ముదిరింది" అన్న రెండో ప్రశ్న వచ్చి కూర్చుంది. రక్తంలో తీవ్రతను చదవాలన్న ఆరాటం ఇప్పుడు ఇంతగా పెరగడానికి ఇదో పెద్ద కారణం.

పోలీసు జీపుల లెక్క

ఒక పొరపాటు ముందే సరిచేసుకోవాలి. ఏ రక్తపరీక్షా అపెండిక్స్‌ని చూడదు. అది చూసేది శరీరం ఎంత హడావిడి పడుతోందన్నది. ఊరి చివర ఏదో గొడవ జరుగుతోందనుకోండి. మీరు మెయిన్ రోడ్డు మీద నిలబడి ఎన్ని పోలీసు జీపులు అటు వెళ్లాయో లెక్కపెడుతున్నారు. గొడవ పెద్దదో చిన్నదో కొంత ఊహించొచ్చు. కానీ జీపులు వేరే వీధికి వెళ్తుండొచ్చు. గొడవ ఇప్పుడే మొదలైతే జీపులింకా బయల్దేరి ఉండకపోవచ్చు.

మొదట కదిలేవి తెల్ల రక్తకణాలు. మనవైపు ల్యాబుల్లో సీబీపీ అని పిలిచే పరీక్షలో మొదట చూసే అంకె ఇదే. పెద్దవాళ్లలో క్యూబిక్ మిల్లీమీటర్‌కు 4 వేల నుంచి 11 వేల దాకా మామూలు. వీటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం స్టేషన్‌లోనే సిద్ధంగా ఉండే కానిస్టేబుళ్ల లాంటివి. కొన్ని రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటాయి, ఇంకొన్ని ఎముక మజ్జలో నిల్వ ఉంటాయి. కబురందగానే కొద్ది గంటల్లో రక్తంలోకి దిగిపోతాయి. అందుకే నొప్పి మొదలైన తొలిపూటే కౌంట్ పెరుగుతుంది.

త్వరగా పెరగడమే దీని బలమూ, బలహీనతా. మామూలు వాపుకీ 14 వేలు వస్తుంది, చిల్లు పడినా 14 వేలే ఉండొచ్చు. కౌంట్ 18 వేలు, 20 వేలు దాటితే ముదిరిన రకం అనుమానం బలపడుతుంది గానీ, 13 వేలుంది కాబట్టి ఫరవాలేదని చెప్పడానికి వీల్లేదు. పైగా గట్టిగా వాంతులైనా, ఒంట్లో నీరు తగ్గినా, నొప్పి వల్ల కలిగే ఒత్తిడికైనా కౌంట్ కొంత పైకి లేస్తుంది. కాబట్టి టైటిల్‌లోని ప్రశ్నకు జవాబు ఇక్కడే చెప్పేయొచ్చు: కాదు, 14 వేలు అంటే పగిలినట్టు కాదు. పగల్లేదని హామీ కూడా కాదు.

సీఆర్‌పీ: ఆలస్యంగా వచ్చే బలగం

నన్నడిగితే ఈ పరీక్షలన్నిటిలోకీ ఎక్కువ తెలుసుకోదగ్గది, ఎక్కువ తప్పుగా చదివేది కూడా సీఆర్‌పీ. పూర్తి పేరు సి-రియాక్టివ్ ప్రొటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. న్యుమోకోకస్ బ్యాక్టీరియాలోని 'సి' అనే చక్కెర పదార్థంతో కలిసి ముద్ద కడుతోందని ఆ పేరు వచ్చింది. ఇది న్యుమోనియా సొత్తు కాదని, ఒంట్లో ఏ మూల వాపు వచ్చినా పెరుగుతుందని తర్వాత తెలిసింది.

దీన్ని తయారుచేసేది కాలేయం. వాపు దగ్గర్నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన కబురు రక్తంలో ప్రయాణించి కాలేయానికి చేరాలి, కాలేయం ప్రొటీన్ తయారీ మొదలుపెట్టాలి, అది రక్తంలో పోగుపడాలి. కానిస్టేబుళ్లు స్టేషన్‌లో ఉన్నారు, ఈ బలగం జిల్లా కేంద్రం నుంచి రావాలి. అందుకే మొదటి 6 గంటల్లో సీఆర్‌పీ దాదాపు కదలదు. 12 గంటలకు పెరుగుదల కనపడుతుంది. రెండు రోజుల దగ్గర శిఖరానికి చేరుతుంది. వాపు తగ్గితే సుమారు 19 గంటలకోసారి సగమవుతూ దిగిపోతుంది. ఈ 19 గంటల లెక్క జబ్బును బట్టి మారదు. కాబట్టి రక్తంలో ఎంతుందన్నది కాలేయం ఎంత తయారుచేస్తోందన్న దాని మీదే ఆధారపడుతుంది. వాపును కొలవడానికి ఇంత నికార్సయిన సాధనం దొరకడం అరుదు, టైమ్ తెలిస్తే.

టైమ్ తెలియకపోతే ఏమవుతుందో ఒక ఊహా ఉదాహరణలో చూద్దాం. ఒకే వార్డులో ఇద్దరు. ఇద్దరికీ సీఆర్‌పీ లీటరుకు 40 మిల్లీగ్రాములే. రిపోర్టుల్లో తేడా లేదు. మొదటాయనకు నొప్పి మొదలై 9 గంటలైంది. రెండో ఆయనకు మూడు రోజులైంది. మొదటాయనది తొమ్మిది గంటల్లోనే 40కి ఎక్కిన వేగం. ఇంకా ఎక్కడికి పోతుందో తెలియదు, కళ్లల్లో వత్తులు వేసుకుని చూడాల్సిన కేసు. రెండో ఆయనకు లోపల నిజంగా చిల్లు పడి చీము చేరుంటే మూడో రోజుకి ఆ అంకె సాధారణంగా వంద దాటి ఉండాల్సింది. 40 దగ్గరే ఉందంటే వాపు అదుపులో ఉందేమో, లేక జబ్బు అసలు అపెండిసైటిసే కాదేమో. అంకె ఒకటే, అర్థాలు ఎడమొహం పెడమొహం.

ఇందులో ఇంకో చిక్కు ఉంది, కొలత ప్రమాణాలది. కొన్ని ల్యాబులు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసీలీటరుకు ఇస్తాయి. రెండింటికీ పదిరెట్ల తేడా. ఒక ల్యాబులో 12 అని వచ్చింది, మర్నాడు ఇంకో ల్యాబులో 120 అని వచ్చింది అంటే జబ్బు పదింతలు పెరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు, ప్రమాణం మారిందేమో చూడాలి. పట్నం మారినప్పుడు, ఆసుపత్రి మారినప్పుడు ఇది తరచూ ఎదురయ్యే గందరగోళం. గుండె పరీక్షల ప్యాకేజీల్లో కనపడే హెచ్ఎస్-సీఆర్‌పీ కూడా ఇదే ప్రొటీన్. అక్కడ చిన్న చిన్న తేడాల్ని పట్టుకునే సున్నితమైన పద్ధతిలో కొలుస్తారు, అంతే.

కాగితం మీదే ఉన్న భాగహారం

ఈమధ్య అపెండిసైటిస్ మీద వస్తున్న వ్యాసాల్లో ఎన్‌ఎల్‌ఆర్ అన్న మాట ఎక్కువ కనిపిస్తోంది. ఇది కొత్త పరీక్ష కాదు, కొత్త ఖర్చూ లేదు. సీబీపీలో న్యూట్రోఫిల్స్ శాతం, లింఫోసైట్స్ అనే ఇంకో రకం తెల్లకణాల శాతం పక్కపక్కనే ఉంటాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఎన్‌ఎల్‌ఆర్. న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్స్ 10 ఉంటే 8.4.

లెక్క చిన్నదే అయినా దీని వెనక తర్కం ఉంది. ఇన్ఫెక్షన్ తీవ్రమైనప్పుడు న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి. అదే సమయంలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ప్రభావంతో లింఫోసైట్స్ రక్తంలోంచి తగ్గుతాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి. విడివిడిగా చూస్తే చిన్నగా అనిపించే మార్పులు భాగహారంలో పెద్దవై కనపడతాయి. పలు అధ్యయనాల్ని కలిపి 2020లో చేసిన ఒక విశ్లేషణలో 4.7 దాటితే అపెండిసైటిస్, 8.8 దాటితే ముదిరిన రకం అన్న హద్దులు సూచించారు. ఈ హద్దులు అధ్యయనానికీ అధ్యయనానికీ మారుతుంటాయి కాబట్టి దశాంశాల్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు. కౌంట్ మామూలుగా ఉండి ఎన్‌ఎల్‌ఆర్ 10 ఉందంటే మాత్రం ఆ సీబీపీని "నార్మల్" అని పక్కన పెట్టకూడదు. సీఆర్‌పీ చేసే సదుపాయం లేని చిన్న ఊళ్లలో ఈ భాగహారానికి నిజంగా విలువుంది.

కడుపునొప్పికి కళ్లు పచ్చబడటమేంటి?

బిలిరుబిన్ అంటే మనకు పచ్చకామెర్లే గుర్తొస్తాయి. అపెండిక్స్ ఎక్కడో కింద, కాలేయం ఎక్కడో పైన. మరి వీటికి సంబంధమేంటి? జవాబు రక్తనాళాల దారిలో ఉంది. పేగుల నుంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు, పోర్టల్ సిర అనే దారిలో ముందు కాలేయానికి చేరుతుంది. అపెండిక్స్ గోడ కుళ్లినప్పుడు బ్యాక్టీరియా, వాటి విషపదార్థాలు ఆ దారినే కాలేయానికి కొట్టుకొస్తాయి. కాలేయ కణాలు పైత్యరసాన్ని బయటికి పంపే పనిలో తడబడతాయి. బిలిరుబిన్ కొద్దిగా పెరుగుతుంది. కళ్లు పచ్చబడేంత కాదు, కాగితం మీద కనపడేంత.

2007లో అమెరికా నుంచి, 2009లో జర్మనీ నుంచి వచ్చిన అధ్యయనాలు దీన్ని చర్చలోకి తెచ్చాయి. జర్మనీ అధ్యయనంలో చిల్లు పడినవాళ్లలో బిలిరుబిన్ సగటు డెసీలీటరుకు 1.5 మిల్లీగ్రాములు, మిగతావాళ్లలో 0.9. సగటుల్లో తేడా స్పష్టం. కానీ ఒక్కో మనిషి దగ్గరికొచ్చేసరికి రెండు గుంపుల అంకెలూ బాగా కలిసిపోయాయి. చిల్లు పడి బిలిరుబిన్ 0.6 ఉన్నవాళ్లుంటారు. ఏ జబ్బూ లేకుండానే 1.8 ఉండే గిల్బర్ట్ సిండ్రోమ్ వాళ్లుంటారు, వీళ్లకైతే రెండు పూటలు తిండి మానినా ఆ అంకె పెరుగుతుంది. అపెండిసైటిస్ వచ్చినవాళ్లు ఎలాగూ తినరు కదా. పెరిగిన బిలిరుబిన్ కనపడితే అనుమానం పెంచుకోవాలి. మామూలుగా ఉందని అనుమానం తగ్గించుకోకూడదు.

సోడియం కథా దాదాపు ఇలాంటిదే. లీటరుకు 135 మిల్లీమోల్స్ కన్నా తగ్గడం ముదిరిన కేసుల్లో ఎక్కువగా కనపడుతోంది. తీవ్రమైన వాపులో వెలువడే ఇంటర్‌ల్యూకిన్-6 మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను అవసరం లేకున్నా విడుదల చేయిస్తుంది. దాంతో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి, రక్తంలో సోడియం పలచబడుతుంది. స్వీడన్‌లో పిల్లల మీద జరిగిన పరిశోధనలు దీన్ని బలపరిచాయి. ఆసుపత్రిలో చేర్చుకునేటప్పుడు సోడియం ఎలాగూ చూస్తారు కాబట్టి ఇదీ ఉచితంగా దొరికే సమాచారమే. కానీ చాలామంది సెలైన్ ఎంత ఎక్కించాలో నిర్ణయించడానికే దాన్ని చూసి వదిలేస్తారు.

ప్రొకాల్సిటోనిన్ అనే ఇంకో రక్తపరీక్షది విచిత్రమైన స్వభావం. అపెండిసైటిస్ ఉందా లేదా అని తేల్చడంలో అది బాగా వెనకబడింది. మామూలు వాపుకి సాధారణంగా లేవదు. లేచిందంటే మాత్రం బ్యాక్టీరియా రక్తం దాకా వచ్చిందేమోనని చూడాలి. 2013లో వచ్చిన ఒక సమీక్షలో ముదిరిన రకాన్ని ఇది పట్టుకుంది 62 శాతమే, కానీ ముదరనివాళ్లను ముదరలేదని సరిగ్గా చెప్పింది 94 శాతం. ఖరీదైన పరీక్ష, అందరికీ అవసరం లేదు. ఇక డి-డైమర్, ఫిబ్రినోజెన్, ప్లేట్‌లెట్ల సైజు అంటూ పరిశోధనా పత్రాల్లో వచ్చే మిగతా పేర్లు ఇప్పటికైతే మంచం పక్క నిర్ణయాన్ని మార్చేంత బలమైనవి కావని నా అభిప్రాయం.

ఒక్క అంకెను నమ్మితే

ఒక ఊహా పరీక్ష తీసుకుందాం. ముదిరినవాళ్లలో 70 శాతం మందిని పట్టుకుంటుంది, ముదరనివాళ్లలో 70 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. వినడానికి ఫరవాలేదనిపిస్తుంది. అపెండిసైటిస్ ఉన్న 100 మందిలో 20 మందికి ముదిరిందనుకుందాం. ఆ 20 మందిలో పరీక్ష 14 మందిని పట్టుకుంది, ఆరుగురిని వదిలేసింది. మిగతా 80 మందిలో 24 మందిని అనవసరంగా ముదిరినవాళ్ల జాబితాలో వేసింది. అంటే "ముదిరింది" అని రిపోర్ట్ వచ్చిన 38 మందిలో నిజంగా ముదిరింది 14 మందికే. వదిలేసిన ఆ ఆరుగురిని నమ్మకంగా మాత్రలిచ్చి ఇంటికి పంపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

స్వీడన్ సర్జన్ రోలాండ్ ఆండర్సన్ 2004లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి తేల్చింది ఇదే: విడివిడిగా చూస్తే ప్రతి లక్షణమూ, ప్రతి రక్తపరీక్షా బలహీనమే. కలిపితే బలం వస్తుంది. ఆ ఆలోచనతోనే లక్షణాలకూ, పరీక్షలకూ మార్కులేసి కూడే స్కోర్లు పుట్టాయి. అందరికీ తెలిసిన అల్వరాడో స్కోరు 1986 నాటిది. మొత్తం 10 మార్కుల్లో రక్తానికి 3, అందులో సీఆర్‌పీ లేదు. 2008లో స్వీడన్ నుంచే వచ్చిన ఏఐఆర్ స్కోరులో మొత్తం 12 అయితే సగం రక్తానివే: కౌంట్ 15 వేలు దాటితే 2, న్యూట్రోఫిల్స్ 85 శాతం దాటితే 2, సీఆర్‌పీ 50 దాటితే 2. మిగతా సగంలో కడుపు నొక్కి వదిలినప్పుడు వచ్చే నొప్పికి ఒక్కదానికే 3 దాకా మార్కులున్నాయి. సర్జన్ చేతివేళ్లు ఇప్పటికీ ఏ ఒక్క రక్తపరీక్ష కన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకుంటున్నాయన్నమాట.

ఈ రెండూ ప్రధానంగా "ఉందా లేదా" అన్న ప్రశ్నకోసం చేసినవి. "ముదిరిందా" అన్న ప్రశ్నకు నెదర్లాండ్స్ డాక్టర్లు 2015లో వేరే స్కోరు తయారుచేశారు. అందులో వయసు, జ్వరం, నొప్పి ఎంతకాలంగా ఉంది, కౌంట్, సీఆర్‌పీ ఉంటాయి. వీటికి తోడు స్కానింగ్‌లో రాయి ఉందా, చుట్టూ నీరు చేరిందా, పేగు బయట గాలి కనపడిందా అన్నవి కలుపుతారు. సీటీతో అయితే 22కి 6 లేదా అంతకన్నా తక్కువ వచ్చినవాళ్లలో 95 శాతం దాకా మామూలు రకమేనని తేలింది. ఇందులో నాకు నచ్చిందేంటంటే, నొప్పి వ్యవధికి కూడా మార్కులివ్వడం. అన్నయ్య అడిగిన ప్రశ్నను వీళ్లు లెక్కలోకే ఎక్కించేశారు.

అంకెలు అబద్ధమాడే మనుషులు

గర్భిణుల్లో కౌంట్ 15 వేల దాకా సహజంగానే ఉంటుంది. నెలలు నిండేకొద్దీ అపెండిక్స్ కూడా పైకి జరిగి నొప్పి చోటు మారుతుంది. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకు జబ్బు లేకున్నా కౌంట్ పెరుగుతుంది, జబ్బుంటే కడుపు గట్టిపడటం మరుగునపడుతుంది. ముసలివాళ్లలో, అదుపు తప్పిన షుగర్ ఉన్నవాళ్లలో, కీమోథెరపీలో ఉన్నవాళ్లలో శరీరానికి హడావిడి చేసే శక్తే తక్కువ కాబట్టి అంకెలు మర్యాదగా ఉండి లోపల చీము పట్టి ఉండొచ్చు. డెబ్భై ఏళ్ల మనిషికి కౌంట్ 9 వేలుందని ధైర్యంగా పడుకోకూడదు. కీళ్లవాతానికి టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ తీసుకునేవాళ్లలో ఇంటర్‌ల్యూకిన్-6 కబురునే మందు అడ్డుకుంటుంది, సీఆర్‌పీ లేవనే లేవదు. కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లలోనూ అది లేవాల్సినంత లేవకపోవచ్చు.

మన తెలుగు రాష్ట్రాల్లో వానాకాలం ఇంకో మెలిక పెడుతుంది. డెంగీలో తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు, కానీ తెల్లకణాలు పెరగవు, తగ్గుతాయి. టైఫాయిడ్‌లో చిన్నపేగు చివరి భాగం, దాని పక్క లింఫ్ గ్రంథులు వాచి సరిగ్గా అపెండిక్స్ ఉండే చోటే నొప్పి పుడుతుంది. అక్కడా కౌంట్ చాలాసార్లు తక్కువే. కుడివైపు నొప్పి, జ్వరం, కౌంట్ 3,500 అని వస్తే అపెండిక్స్ మీదకు దూకే ముందు ఈ రెండిటినీ, డెంగీ అయితే ప్లేట్‌లెట్లనూ చూసుకోవాలి. ప్లేట్‌లెట్లు పడిపోయిన మనిషిని కోస్తే రక్తం ఆగదు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో ఈ పరీక్షలన్నిటికన్నా ముందు చేయాల్సింది ప్రెగ్నెన్సీ టెస్ట్. ట్యూబులో గర్భం నిలిచి పగిలితే నొప్పి అక్కడే వస్తుంది, ఆ ప్రమాదం అపెండిక్స్ కన్నా వేగంగా మీదకొస్తుంది.

ఆగి, మళ్లీ తీస్తే

ఒక్క ఫొటో కన్నా రెండు ఫొటోలు మేలు. అనుమానం సగం సగం ఉన్నప్పుడు మనిషిని ఆసుపత్రిలోనే ఉంచి 6 నుంచి 12 గంటల తర్వాత కడుపు మళ్లీ నొక్కి చూసి, కౌంట్, సీఆర్‌పీ మళ్లీ తీస్తారు. రెండూ దిగుతూ, ఆకలి పుడుతుంటే ఊపిరి పీల్చుకోవచ్చు. కౌంట్ 16 వేల నుంచి 12 వేలకు దిగి, సీఆర్‌పీ 30 నుంచి 140కి ఎక్కితే? కౌంట్ తగ్గిందని ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, సర్జన్ థియేటర్‌కి ఫోన్ చేస్తారు.

ఇలా ఆగడం వల్ల మధ్యలో పగిలిపోదా అన్న భయానికి కొంత జవాబు దొరికింది. ఫిన్లండ్, నార్వేల్లో మామూలు రకం అనుకున్న సుమారు 1800 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 8 గంటల్లోపు, ఇంకో గుంపుకి 24 గంటల్లోపు ఆపరేషన్ చేశారు. 2023లో వచ్చిన ఆ ఫలితాల్లో చిల్లు పడింది 8 శాతం, 9 శాతం. తేడా లేనట్టే. చిల్లు పడే అపెండిక్స్, పడని అపెండిక్స్ ఒకే జబ్బు తాలూకు రెండు మెట్లు కాకపోవచ్చని, మొదట్నుంచే వేరు వేరు దారుల్లో నడుస్తాయేమోనని ఆండర్సన్ చాలాకాలంగా అంటున్న మాట. ముదిరేది తొందరగా ముదిరిపోయి ఆసుపత్రికి వచ్చేసరికే ఆ స్థితిలో ఉంటుంది, ముదరనిది చాలాసార్లు తనంతట తానే సర్దుకుంటుంది. ఈ మాట నిజమైతే '24 గంటల నొప్పి' అన్న పేరు మారాల్సిందే. అయితే ఆ 24 గంటలూ ఆసుపత్రి మంచం మీద, డాక్టర్ కళ్లెదుట గడిచినవన్న సంగతి మర్చిపోకూడదు. ఇంట్లో వాము నీళ్లు తాగుతూ గడిపిన 24 గంటలకు ఈ ట్రయల్ వర్తించదు.

ఇంట్లో ఉన్నవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. ఒత్తిడితో ఉబ్బిన అపెండిక్స్ పగిలిన క్షణంలో నొప్పి కాసేపు హాయిగా తగ్గొచ్చు. "అమ్మయ్య, గ్యాసే" అనుకుంటారు. కొన్ని గంటల్లో నొప్పి కడుపంతా పాకి, పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది. ఆ దశలో వచ్చిన మనిషికి సీఆర్‌పీ ఎంతో తెలుసుకోవడానికి ఎవరూ ఆగరు.

ఆపరేషన్ అయ్యాక కూడా ఈ అంకెల టెన్షన్ వదలదు. కోత కూడా శరీరానికి ఒక గాయమే కాబట్టి రెండో రోజుకి సీఆర్‌పీ ఎలాగూ ఎక్కుతుంది, దాన్ని చూసి కంగారు పడే పనిలేదు. మూడో రోజు దాటాక దిగాల్సింది దిగకుండా మళ్లీ ఎక్కుతూ, జ్వరమూ తోడైతే లోపల చీము చేరిందేమో అని స్కానింగ్ చేస్తారు. యాంటీబయాటిక్స్‌తో నడిపిస్తున్న మనిషికి కూడా అదే పద్ధతి: రెండో రోజు అంకె మొదటి రోజు అంకె కన్నా ఎటు కదిలిందన్నదే ప్రశ్న.

ల్యాబ్ రిపోర్ట్ పైభాగంలో, పేరు, వయసు కింద చిన్న అక్షరాల్లో శాంపిల్ తీసిన టైమ్ సాధారణంగా ఉంటుంది. ఫొటో తీసేటప్పుడు ఆ మూల కత్తిరించకుండా పంపండి. నొప్పి బొడ్డు దగ్గర ఎన్నింటికి మొదలైందో, కుడివైపుకి ఎన్నింటికి దిగిందో, మధ్యలో నొప్పి మాత్ర గానీ యాంటీబయాటిక్ గానీ ఏమైనా వేశారో కింద రాయండి. ఆ మూడు సంగతులూ ఏ ల్యాబూ ప్రింట్ చేసి ఇవ్వదు.